ఓడలో తొమ్మిది మంది, పందిట్లో వాడంతా

అండమాన్‌లోని హడ్డో రేవులో ఓడ నిలిచింది. విశాఖపట్నంలో ఎక్కినవాళ్ళు రెండు రోజులకు పైగా నీళ్ళ మీద ఊగి, ఇప్పుడు సంచులు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారు. గచ్చు మీద కాలు మోపాక కూడా ఒంట్లో అల ఆగదు. ముసలమ్మ ఒకామె రెండడుగులు వేసి, మనవడి భుజం పట్టుకుని నిలబడిపోయింది. కంచె ఇవతల పెళ్ళికూతురి తండ్రి మడమలెత్తి లెక్కపెడుతున్నాడు. పెళ్ళికొడుకు, అతని అమ్మానాన్న, అక్కాబావ, మేనమామ, మేనత్త, నాయనమ్మ, అక్క కొడుకు. తొమ్మిది మంది. అందరూ దిగారు.

"బావగారూ, పెట్టె జాగ్రత్తేనా?"

"తల కింద పెట్టుకునే పడుకున్నాను. బంకులో అంతకంటే సోటేదీ?"

ఆ పెట్టెలో ఉన్నవి తక్కువే: పట్టుచీర, మధుపర్కాలు, అత్తింటి వైపు పుస్తె, వెండి మట్టెలు, బాసికాలు. బరువు లేనివి, చెడిపోనివి, ఇక్కడ మనసుకు నచ్చినట్టు దొరకనివి. శ్రీకాకుళం తీరం నుంచి ఈ పెళ్ళికి సముద్రం దాటి వచ్చిన సరుకంతా ఆ ఒక్క పెట్టె. అలా కుదించడానికి రెండిళ్ళవాళ్ళూ నెలల తరబడి ఫోన్లో మాట్లాడుకున్నారు.

జీపెక్కండి, మనం కూడా వాళ్ళతో వెళ్దాం. ఊరు ఎత్తుపల్లాలు. మలుపు తిరిగితే సముద్రం కనబడుతుంది, ఇంకో మలుపుకు మాయమవుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ అనే ఈ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చింది. శుభలేఖ మీద కొత్త పేరే అచ్చయింది. జీపు డ్రైవరు నోట, పెళ్ళివారి నోట మాత్రం ఇంకా పాతదే నడుస్తోంది. 2011 జనగణన నాటికి అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలి పనికి, ఉద్యోగానికి వచ్చి నిలదొక్కుకున్న కుటుంబాలు ఎన్నో. అలాంటి ఒక ఇంటికే మనం వెళ్తున్నాం, జంగ్లీఘాట్‌కు.

ఇంటి ముందు పందిరి రాట నిన్ననే పాతారు. వెదురు గుంజలు, పైన కొబ్బరాకు. అరుగు మీద పెళ్ళికూతురి తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో బడి పిల్లలు వాడే రూళ్ళ నోటుపుస్తకం. వియ్యపురాలు మంచినీళ్ళు తాగి పక్కన కూర్చోగానే ఆ పుస్తకం తెరిచింది.

"సూడు వదినా, మూడే పేజీలు."

మొదటి పేజీ: మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాల్సినవి. రెండో పేజీ: విమానంలో రావాల్సినవి. మూడో పేజీ: ఇక్కడే దొరికేవి. మొదటి పేజీ సగం నిండింది. రెండో పేజీలో ఒకటే వరస. మూడో పేజీ మాత్రం నిండి, అంచుల్లోకి కూడా పాకింది. ఈ పెళ్ళి ప్రణాళిక అంతా ఇదే. చెన్నైకైనా విశాఖకైనా ఈ దీవి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఇక్కడ ఏ వస్తువు ధరలోనైనా ఆ దూరం కలిసి ఉంటుంది. కాబట్టి ఈ తల్లి తన దగ్గరున్న డబ్బును చూసి పెళ్ళిని కత్తిరించలేదు. దూరం నుంచి రావాల్సినవాటిని ఒక్కొక్కటిగా పక్కనపెట్టి, దగ్గరున్నవాటితో ఆ చోటు నింపింది. రెండు దారులూ ఒకటే అనిపిస్తాయి కానీ, ఎంతో తేడా ఉంది. కత్తిరించిన పెళ్ళిలో ఏం లేదో కనబడుతుంది. నింపిన పెళ్ళిలో ఏముందో కనబడుతుంది.

అన్నవరం కొండ మీద చేద్దామని మొదట అనుకున్నారట. సత్యనారాయణస్వామి సన్నిధిలో పెళ్ళి అంటే మన తీరంవాళ్ళకు గొప్ప తృప్తి, ఖర్చూ అదుపులో ఉంటుంది. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణవేదికలో టీటీడీ పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని ఉచితంగానే ఇస్తుంది. ఆంధ్రలో ఉన్నవాళ్ళకు అంతకంటే మంచి దారి లేదు. కానీ ఇక్కడి నుంచి అన్నవరం వెళ్ళాలంటే ఇంటిల్లిపాదీ ఓడెక్కాలి, మళ్ళీ ఓడలో రావాలి, మధ్యలో రోజులు గడపాలి. దీవిలో ఉండేవాళ్ళకు ఐలాండర్ కార్డుంటే ఓడ టికెట్టు తక్కువకు వస్తుంది. అయినా ఇరుగుపొరుగు మొత్తాన్ని తీసుకుపోలేరు కదా. పుట్టినప్పటి నుంచి పిల్లను ఎత్తుకు తిప్పినవాళ్ళు లేని పెళ్ళి ఈ తల్లికి ఇష్టం లేదు. అందుకే లెక్క తిరగేశారు. అటు నుంచి తొమ్మిది మంది వస్తే చాలు, ఇటు వాడంతా ఉంటుంది.

నెల కూడా ఆలోచించే పెట్టుకున్నారు. మే నుంచి ఇక్కడ నైరుతి వాన, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనం. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురిసే చోట శ్రావణంలో పందిరి వేస్తే పైన రేకులు కావాలి, కింద చెక్కలు పరవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తెరిపిగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మాఘమాసం సరిగ్గా ఆ మధ్యలో వస్తుంది. అయితే అదే పర్యాటకుల కాలం. లాడ్జీల అద్దెలు అందవు. దానికి జవాబు పక్కింట్లోనే ఉంది. పెళ్ళికొడుకు అమ్మానాన్నలకు, నాయనమ్మకు బెంగాలీ వాళ్ళ ముందు గది, అక్కాబావలకు తమిళ టీచరుగారి మేడ, మిగిలినవాళ్ళకు పెళ్ళికూతురి మేనమామ ఇల్లు. విశాఖ ఓడ నెలకోసారి వస్తుంది, వాతావరణమో మరమ్మతో అడ్డొస్తే తేదీ జరుగుతుంది. అందుకని ఓడ చేరే రోజుకూ ముహూర్తానికీ మధ్య నాలుగు రోజులు ఖాళీ ఉంచారు. తిరుగు ఓడకు టికెట్లు ముందే తీశారు. అతిథుల గదులకు అద్దె లేదు కాబట్టే ఆ నాలుగు రోజులు భారం కాలేదు.

సాయంత్రం పంతులుగారు వచ్చారు. చేతిలో రాజమండ్రి పంచాంగం. పెళ్ళికొడుకు మేనమామకు ఒక అనుమానం.

"పంతులుగారూ, మా ఊళ్ళో పదకొండూ అయిదుకు వృషభలగ్నం అన్నారండి. శుభలేఖలో పదీ ఇరవై అని ఉందేటి?"

పంతులుగారు నవ్వి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరగా పోతుంది. ఈ ఊరు దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే సూర్యుడు ఇక్కడ నలభై నిమిషాలకు పైగా ముందే పొడుస్తాడు, గడియారం మాత్రం అందరికీ ఒక్కటే. తిథి, నక్షత్రం ఎక్కడున్నా ఒకే క్షణాన మారతాయి. లగ్నం మాత్రం నిలబడిన నేలను బట్టి లెక్క. ఆంధ్రలో వేసిన ముహూర్తాన్ని ఇక్కడ అలాగే పాటిస్తే అనుకున్న ఘడియ దాటిపోతుంది. ఆయన కాగితం మీద అంకెలు వేసి చూపించారు. మేనమామ తల ఊపాడు.

"ఐతే మాకన్నా ముందు మీకే పెళ్ళి."

ముహూర్తం పగలే కావాలని అడిగింది కూడా పెళ్ళికూతురి తల్లే. రాత్రి పెళ్ళంటే దీపాల బాడుగ, రెండు పూటల భోజనం, ఇళ్ళకు చేర్చే బళ్ళు. పగటి ముహూర్తమైతే వెలుతురు ఊరికే వస్తుంది, ఒక్క భోజనంతో సరిపోతుంది. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకే ఊళ్ళో ఈ ఒక్క నిర్ణయం ఖర్చును ఎంతో దించింది. పురపాలక సంఘం కమ్యూనిటీ హాలు ఒక పూటకే తీసుకున్నారు.

మర్నాడు అబర్దీన్ బజార్‌కు వెళ్దాం. గడియార స్తంభం దగ్గర రద్దీ. పూలకొట్టు ముందు పెళ్ళికూతురి పిన్ని నిలబడింది. మల్లెలు, గులాబీలు విమానంలో దిగుతాయి. బుట్ట ధర అడిగి ఆమె కంగారు పడలేదు. పుస్తకంలో రెండో పేజీలో ఉన్న ఒక్క వరస ఇదే: వధూవరులకు రెండు దండలు, పెళ్ళికూతురి జడకు మల్లెలు. అంతే. మిగతా అలంకారానికి విమానం పువ్వు ఒక్కటి కూడా లేదు. గుమ్మానికి మామిడాకు తోరణం, వాకిలికి గెలలతో ఉన్న అరటి చెట్లు, మండపానికి లేత కొబ్బరాకు అల్లిక. తలంబ్రాల వేళ చల్లడానికి పెరటి మందారాలు, నందివర్ధనాలు. కొబ్బరాకును చిలకలుగా, కుచ్చులుగా మడిచేది పక్క వీధి తాత. ఆయన చుట్టూ పదిమంది పిల్లలు కూర్చుని మడత నేర్చుకుంటున్నారు. వాళ్ళ వేళ్ళు కోసుకుంటున్నాయి, ఎవరూ లేవడం లేదు. ఈ పిల్లలు పెద్దయ్యాక ఈ పెళ్ళిని మరచిపోతారా? ఆ పందిట్లో వాళ్ళు మడిచిన చిలక వేలాడుతుంది. అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ పూల గోడ ఎవరి జ్ఞాపకంలోనూ నిలవదు, ఎందుకంటే అందులో ఎవరి చెయ్యీ లేదు.

కూరగాయల దగ్గరా ఇదే నీతి. ఉల్లి, బంగాళాదుంప ఓడలో రావాల్సిందే. ఓడ ఆలస్యమైతే ధర ఎగురుతుంది. నీల్ దీవి, ఇప్పటి షహీద్ ద్వీప్, ఈ దీవులకు కూరగాయల తోట. అక్కడి నుంచి పడవలో గుమ్మడి, ఆనప, అరటికాయ వస్తాయి. వంటాయన ముందే చెప్పాడు, "ఏం దొరుకుతాదో సెప్పండి, దాన్ని బట్టి నాను వండుతాను" అని. ముందు వంటకాల జాబితా రాసి తర్వాత సరుకు వెతికితే దీవిలో డబ్బు నిలవదు. ఆయన వేసిన విస్తరి ఇది: పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, అరటికాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, కొబ్బరి బూరెలు. పాలు ఇక్కడ ఖరీదు కాబట్టి పాయసం కొబ్బరిపాలతో. నూరు మందికి పన్నెండు కిలోల బియ్యం ఆయన లెక్క. పిలిచింది నూట ఎనభై మందిని. ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచినప్పుడే ఎంతమంది వస్తారో అడిగి రాసుకున్నారు. పారబోసే అన్నం పెళ్ళికి కళ తేదు.

ఇదంతా చూస్తుంటే ఈ ఊరి పాత పెళ్ళిళ్ళు గుర్తుకొస్తాయి. ఇక్కడ షాదీపూర్ అనే పేట ఉంది, ఆ పేరు ఖైదీల పెళ్ళిళ్ళతో ముడిపడింది. 1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి శిక్షా వలసను మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో కొన్నేళ్ళు మంచి నడతతో గడిపిన ఖైదీకి సొంతంగా బతికే అనుమతి, దానితో పెళ్ళి చేసుకునే అనుమతి దొరికేది. ఆడఖైదీల జైలు నుంచి స్త్రీలను వరసగా నిలబెట్టి జతలు కుదిర్చేవారు. ఆ స్త్రీలకు దక్కిన స్వేచ్ఛ ఎంత ఇరుకో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. దాన్ని వేడుకగా చెప్పుకోవడం తప్పు. అయినా కులం, భాష, ఊరు వేర్వేరైన ఇద్దరు, వెనక పుట్టింటివాళ్ళు లేకుండా, ఒంటి మీద నగ లేకుండా మొదలుపెట్టిన సంసారాలవి. వాళ్ళ సంతానాన్నే ఇక్కడ లోకల్ బార్న్ అంటారు. బంధువులు సముద్రం అవతల ఉన్నప్పుడు పక్కింటివాళ్ళే బంధువులు కావాలన్న అలవాటు ఈ నేలకు అప్పటి నుంచే ఉంది.

పెళ్ళినాటి తెల్లవారుజాము. అయిదింటికే తూర్పు తెల్లబడింది. పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నారు. ఇంటి ముందు సగం వాకిట్లో చుక్కల ముగ్గు, మిగతా సగంలో పక్కింటి బెంగాలీ అమ్మ వేసిన ఆల్పనా. రెండూ మధ్యలో ఒక తామరపువ్వు దగ్గర కలిశాయి. ఎవరు గీత ఎక్కడ ఆపాలో ఇద్దరూ హిందీలో మాట్లాడుకుని తేల్చుకున్నారు. హాలు చేరేసరికి నాదస్వరం మొదలైంది, వాయించేది తమిళులు. పెళ్ళికూతుర్ని ఆమె మేనమామ పేము బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చాడు. బుట్ట అల్లింది ఈ దీవి పేముతోనే.

ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఫోన్ నిలబెట్టే కర్ర. శ్రీకాకుళంలోని ఊళ్ళో ఒకరింట్లో టీవీ ముందు యాభై మంది కూర్చుని ఉన్నారు. చెన్నై నుంచి ఈ దీవులకు సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకు ముందు ఉపగ్రహం మీదే ఆధారం, బొమ్మ కదిలేదీ కాదు, మాట అందేదీ కాదు. ఇవాళ అవతల నుంచి పెద్దత్త గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"ఓలమ్మా, గుంట ఎంత బాగుందో! ఫోను కొంచెం ఇటు తిప్పండర్రా."

ఆ యాభై మంది ఓడెక్కి ఉంటే ఈ ఇంటి రెండేళ్ళ పొదుపు టికెట్లకే పోయేది. వాళ్ళు అక్షింతలు అక్కడే టీవీ ముందు చల్లుతున్నారు. తర్వాత ఈ జంట ఊరికి వెళ్ళినప్పుడు కాళ్ళు కడిగి లోపలికి పిలుస్తారు. ఆ మాట ముందే అనుకున్నారు కాబట్టి ఎవరికీ కినుక లేదు.

పదీ ఇరవై. అడ్డుతెర అవతల అతను, ఇవతల ఆమె. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టారు. వాద్యం ఒక్కసారిగా ఎత్తుకుంది. తెర దిగింది. తర్వాత పుస్తెలు, పుట్టింటిది ఒకటి, మెట్టినింటిది ఒకటి. ఇంతకు మించి బంగారం కావాలని పెళ్ళికొడుకు వైపు ఎవరూ అడగలేదు. కట్నం పుచ్చుకోవడాన్నీ ఇవ్వడాన్నీ 1961 చట్టం నేరమంది, కానీ ఇక్కడ చట్టం దాకా రాలేదు. మొదటి రోజే వియ్యపురాలు "మాకు పిల్ల సాలు, వదినా" అంది. పొదుపైన పెళ్ళికి పునాది ఆ మాటే. అది లేని చోట కొబ్బరాకులు ఎన్ని అల్లినా అప్పు ఆగదు.

తలంబ్రాలు. హాలంతా నవ్వులు. ఆ తర్వాత అగ్ని చుట్టూ ఏడడుగులు. 1955 హిందూ వివాహ చట్టంలోని ఏడో సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే క్రతువును గుర్తిస్తుంది. సప్తపది ఉన్న పెళ్ళిలో ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుందని చెబుతుంది. పెళ్ళి పాటలకూ విందులకూ కాదని, క్రతువు జరగందే హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఆ ఏడడుగులకు రూపాయి ఖర్చు లేదు. పంతులుగారు ఒక్కో అడుగుకు అర్థం తెలుగులో విడమరిచి, తర్వాత హిందీలో చెబుతున్నారు, పొరుగువాళ్ళ కోసం. అన్నం కోసం, బలం కోసం, చివరిది స్నేహం కోసం. వెనక వరసల్లో మాటలు ఆగిపోయాయి. హాలు మొత్తం పెళ్ళినే చూస్తోంది. వీడియో తీసేవాళ్ళు అడ్డు నిలబడని పెళ్ళి చూసి ఎన్నాళ్ళయింది! పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు ఇద్దరే ఫొటోలు తీస్తున్నారు, ఎప్పుడు ఎక్కడ నిలబడాలో వాళ్ళకు నిన్ననే చెప్పి ఉంచారు.

అరటాకులు పరిచారు. వడ్డించేది వాడ కుర్రాళ్ళు. "ఇంకొంచెం బాబాయ్", "వద్దురా", "పాయసమైనా వేసుకో". కొబ్బరిపాల పాయసం రెండోసారి అడిగి వేయించుకుంటున్నారు. పెళ్ళికొడుకు నాయనమ్మ, ఓడ దిగగానే తడబడిన ఆ ముసలమ్మ, మూడో బూరె పుచ్చుకుంది. రేపు ఇంటి దగ్గర చేపల పులుసు. జంగ్లీఘాట్ రేవులో చిన్నాన్న డింగీ తెల్లారుతూనే వస్తుంది. సూర, వంజరం, ఏది పడితే అది. దానికి కొట్టు బిల్లు లేదు.

మూడు గంటలకు హాలు ఊడ్చి తాళం అప్పగించారు. పందిట్లో పెళ్ళికూతురి తండ్రి అందరినీ కూర్చోబెట్టి డబ్బు ఇస్తున్నాడు. వంటాయనకు, నాదస్వరం వాళ్ళకు, జీపులకు, తాంబూలంలో పెట్టి పంతులుగారికి. "రేపు రండి" అన్న మాట ఎవరికీ చెప్పలేదు. తల్లి ప్రతి పేరు పక్కన ఒక గీత గీస్తోంది. పక్క వీధి నుంచి ఒకామె వచ్చి నిలబడింది. వైశాఖంలో వాళ్ళ అమ్మాయి పెళ్ళట.

"ఎక్కడి నుంచి మొదలెట్టాలో తెలవడం లేదు అప్పా."

"పిలవాల్సినోళ్ళ పేర్లు ముందు రాయి. డబ్బు లెక్క తర్వాత. వైశాఖం అంటన్నావు, వానలు పట్టకముందే ముహూర్తం అడుగు. పగలే అడుగు. వంటోడికి ఏం దొరుకుతాదో సెప్పు, ఏం కావాలో సెప్పకు. ఎవరి సేత ఏ పని సేయించాలో నేనొచ్చి రాస్తాను."

ఆ చివరి మాటలోనే అసలు సంగతి ఉంది. తక్కువ డబ్బుతో పెళ్ళి చేయాలనుకునేవాళ్ళు పనులు తగ్గించుకోవాలని చూస్తారు. తగ్గించాల్సింది కొనుగోళ్ళను. పనులను పంచాలి, వీలైనంత మందికి పంచాలి. ఆకు మడిచినవాళ్ళు, ముగ్గు వేసినవాళ్ళు, గది ఇచ్చినవాళ్ళు, వడ్డించినవాళ్ళు ఆ పెళ్ళిని తమదని చెప్పుకుంటారు. రేపు ఆ కొత్త జంటకు జ్వరమొచ్చినా, కాన్పు వచ్చినా ముందు తలుపు తట్టేది వాళ్ళే. పెళ్ళికి మనం నిజంగా సమకూర్చుకోవాల్సిన ఆస్తి ఆ మనుషులే. అండమాన్‌లో సముద్రం అడ్డు నిలిచి ఈ నిజాన్ని నేర్పింది. కొన్నదేదైనా గుమ్మం ముందు గంటలో దిగే హైదరాబాద్‌లో, విజయవాడలో అది మనంతట మనమే నేర్చుకోవాలి. మీ ఇంట్లో పెళ్ళి కుదిరితే హాలు ఖాయం చేయకముందే ఒక కాగితం తీసుకోండి. ఈ పెళ్ళిలో ఎవరెవరి చెయ్యి పడాలో పేర్లు రాయండి. తర్వాత మిగిలినవాటికే డబ్బు లెక్క వేయండి.